కడ్డీకి పెట్టిన బొట్టు

1974 వానకాలంలో నన్ను పట్నం శివారులో రాయదుర్గం వైపు ఠాణాకు జమేదారుగా, అంటే హెడ్ కానిస్టేబుల్‌గా వేశారు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండలు, జొన్నచేలు, అడవిపందులు. ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి కదా, నాకు తుపాకుల తనిఖీ అప్పజెప్పారు. చదవాల్సింది నంబరొక్కటే.

పంట కాపలాకు లైసెన్సిచ్చిన నాటు తుపాకులను ఏటా ఇంటింటికీ వెళ్లి చూడాలి. వీటికి తుపాకిమందు, సీసపు రవ్వలు మూతి నుంచి కూరతారు. వెనక చిన్న రాగి టోపీ పెట్టి కొడితే పేలుతుంది. రైతులు టోపీ తీసేసి, తుపాకీ ఖాళీ అయిందనుకునేవారు. మందు మాత్రం లోపలే ఉండేది. అందుకే మేం గొట్టంలో కడ్డీ దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, అదే కడ్డీని గొట్టం పక్కన పెట్టి కొలిచేవాళ్లం. అడుగుదాకా దిగితేనే ఖాళీ.

దసరా వెళ్లిన వారానికి మల్లయ్య అనే రైతు ఇంటికి పోయాను. అతని భార్య బాలమ్మ కుడిచేత్తో నీళ్లిచ్చింది. ఎడమచెయ్యి కొంగు కిందే ఉంది.

"ఏందమ్మా, ఆ చెయ్యికి లైసెన్సు లేదా, దాస్తున్నవ్?" అన్నాను. ఆమె నవ్వలేదు.

"బండ మీద పడ్డది సార్. తుపాకి ఖాళీనే, టోపీ తీసిన" అన్నాడు మల్లయ్య.

కడ్డీ అడుగుకు నాలుగు వేళ్ల పైనే ఆగిపోయింది. నేనేమీ అనకముందే బాలమ్మ చెప్పేసింది. ఆయుధపూజ నాడు కూడా ఇట్లాగే టోపీ తీసి పీట మీద పెట్టారు. హారతి నిప్పు టోపీ పెట్టేచోటి రంధ్రంలోంచి మందుకు తగిలి తుపాకీ పేలింది. పసుపుగిన్నె అందుకోబోయిన ఆమె ముంజేతిలో రవ్వలు దిగాయి. అయినా పందుల కోసం మల్లయ్య మళ్లీ మందు కూరాడు. వారంగా ఆకుపసరే మందు. చెయ్యి వాచి, వేళ్లు వంగడం లేదు.

"దవాఖానకు పోతే పోలీసోళ్లకు చెప్తరంట. ఈయనను తీస్కపోతరు" అంది.

"నేనే పోలీసును. ఇగ ఎవరికి చెప్తరు?"

అప్పుడు కాస్త నవ్వింది. నేను ఉన్నమాట చెప్పాను: కేసు రాస్తాను, తుపాకీ తీసుకెళ్తాను, అయితే ఇది ఠాణాలోనే జామీను దొరికే కేసు. తుపాకీ గాయానికి సర్కారు దవాఖానలో పోలీసు చీటీ కావాలి. అది అక్కడే రాసి, ఇద్దర్నీ ఎడ్లబండి ఎక్కించాను.

రవ్వలు తీసిన డాక్టరు, ఇంకో నాలుగు రోజులాగితే చెయ్యి పోయేదన్నాడు. మూడోరోజు నేను చూడబోతే మల్లయ్య మంచం మీద కూర్చుని భార్యకు జడ వేస్తున్నాడు.

"గదేంది, తాడు పేనినట్టు పేనుతున్నవ్?" అంటోంది బాలమ్మ.

"ఊకో జర, కదిలితే ముడి పోతది" అన్నాడతను. కళ్లు మాత్రం ఆమె చేతి కట్టు మీదే ఉన్నాయి.

కేసు ముగిశాక, మరుసటి దసరాకు ముందు తుపాకీ తిరిగిచ్చే ఉత్తర్వు వచ్చింది. నేనే పట్టుకెళ్లాను. బాలమ్మ కడ్డీ కొలత చూపించమంది. ఖాళీ గొట్టంలో ఆ తుపాకీ కడ్డీనే తాను దించి, సరిగ్గా మూతి దగ్గర ఎడమచేతి వేలితో దానికి ఎర్రరంగు బొట్టు పెట్టింది.

"ఈ బొట్టు మూతి కాడికి దిగకుంటే తుపాకికి హారతి లేదు, నీకు బువ్వ లేదు" అంది మొగుడితో.

లైసెన్సు మీద ఒక్కడి పేరే ఉంటుంది, దెబ్బ ఇంట్లో ఎవరికైనా తగులుతుంది. ఆ తర్వాత ప్రతి ఇంట్లో ఇల్లాలిని పిలిచి, ఆమె చేతే కడ్డీ దింపించాను. తనిఖీ పుస్తకంలో అందుకు గడి లేదు. పక్క ఖాళీలో రాసేవాణ్ణి: "కొలత ఇల్లాలికి నేర్పడమైనది."