ఆది జాకెట్టు, మిరప ఆకు

నా బిడ్డ పోయిందని భద్రాచలం దవాఖానా నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ఏన్కూరుల మా ఇంట్ల కూసోని పక్కింటామె జాకెట్టుకు హుక్కులు కుడుతున్న. చెట్లకు వైరస్ ఎట్ల పడతదో చూసే ఉద్యోగం నా బిడ్డది. అడవి అంచున మిరప తోటల్ల ఆకులు ఏరుతుంటే పడిపోయిందట. గుండె ఆగిందన్నరు. ఆ జాకెట్టు అట్లనే పక్కన పెట్టి, మిషను మీద గుడ్డ కప్పిన. మళ్ల దాని ముందట కూసోలేదు.

ఆమెతోటి పనిచేసిన పిల్లలు ఆమె గురించి రాయమన్నరు. నేను చదివింది ఐదో తరగతి. తెలిసింది రాస్త.

ఇంటికొస్తే చెప్పులు గూడ విడవకుండ పెరట్ల మిరపచెట్ల కాడికి పొయ్యేది. ఆకు తిప్పి అడుగు చూసేది, తెల్లదోమ ఉన్నదేమోనని. అన్నంల నంజుకునే పచ్చిమిరపకాయను గూడ వెలుగుకు పెట్టి చూసేది. "ముందు తినవే, పరీక్ష తర్వాత" అంటే నవ్వేది.

ఒక ఏడు మా చేనుకు బొబ్బర తెగులొచ్చింది. ఆకులు పడవల్లెక్క ముడుచుకున్నయి. ఏ మందు కొట్టాల్నో అడిగిన.

"దానికి మందు లేదమ్మా. పట్టిన చెట్టు పీకెయ్యాలె, దాన్ని మోసుకొచ్చే తెల్లదోమను ఆపాలె."

"ఏందే, పచ్చగున్న చెట్టును పీకమంటవు? పురుగేది? ఏడ తింటున్నది?"

"పురుగు కాదమ్మా, వైరస్. తింటలేదు. దానికి నోరు లేదు, కడుపు లేదు."

"మరి తినకుండ చెట్టంత ఎట్ల పెరుగుతది?"

నన్ను మిషను కాడికి గుంజుకపోయింది. కొలతకని మేకుకు తగిలిచ్చిన తన ఆది జాకెట్టు తీసి నా ఒళ్లో ఏసింది.

"గిదే అమ్మా వైరస్. వట్టి కొలత. దీనికి సూది లేదు, దారం లేదు. ఊకె పడుంటది. నీ ముందటికొస్తే నీ గుడ్డ, నీ దారం, నీ కాళ్లు. నువ్వే కుట్టుకుంట పోతవు. చెట్టు గూడ గంతే. తన పని ఇడిసి దాని కొలతకే కుడతది."

ఇంకో ముచ్చట గూడ చెప్పింది. ఎదిగిన ఆకు లోపలి కణాలు పని అయిపోయిందని పనిముట్లు సర్దుకుంటయట. వైరస్ వచ్చి అవన్నీ మళ్ల బయటికి తీయిస్తదట.

"గుడ్డ కప్పిన మిషనును గూడ తొక్కిస్తదమ్మా. కంటికి కానరానిది. నాకైతే దండం పెట్టబుద్ధయితది."

"చేను పోతుంటే దండమేందే, పిచ్చిదానా" అన్న.

తెల్లారి ఇద్దరం పోయి పట్టిన చెట్లన్నీ పీకినం. మిగిలిన చేను దక్కింది. ఆమె చెప్పింది మాత్రం నా తలకాయల నుంచి పోలేదు. ఆకు కనపడ్డప్పుడల్లా దాని లోపల ఎవరి కొలతకు ఎవరు కుడుతున్నరో అనుకునేదాన్ని.

మొన్న పక్కింటామె వచ్చింది. "హుక్కుల కోసం రాలేదు వదినా, నిన్ను చూసిపోదామని" అని జాకెట్టు దిక్కే చూసింది. చాన రోజులకు నవ్వొచ్చింది. హుక్కులు చేత్తోటి కుట్టి ఇచ్చి పంపిన.

పక్కింటామె ఎల్లిపోయినంక మేకు మీద ఆది జాకెట్టు కనపడ్డది. కిందనే నా బిడ్డ ఇచ్చిపోయిన కొత్త గుడ్డ. నడుం కాడ కొంచెం వదులు పెట్టమన్నది. గుడ్డ పరిచి, దాని మీద జాకెట్టు పెట్టి, సుద్దతో చుట్టూ గీసిన. వదులు గూడ పెట్టిన. ఎవరు తొడుగుతరో నాకు తెల్వదు.

మిషను మీది గుడ్డ తీసి కూసున్న. కాళ్లు వాటంతట అవే తొక్కుతున్నయి.