పాత నకలు

సరుకులు ఇంటికి చేర్చే ఆ సంస్థలో అతన్ని అందరూ నకళ్లాయన అనేవారు. జనానికీ అసలు సర్వర్‌కీ మధ్య ప్రాక్సీ అనే ఇంకో సర్వర్ ఉంటుంది. ఒకరు అడిగిన పేజీకి నకలు తీసి దాచుకుని, తర్వాత ఎవరు అడిగినా అదే చేతిలో పెడుతుంది. ఆ నకళ్లను సాకడమే ఇతని ఉద్యోగం. ప్రాక్సీ పాత ధరలు చూపించినప్పుడల్లా జనం ఫోనులో బండబూతులు తిట్టేవారు, ఇతను కీబోర్డును పిడికిలితో బాదేవాడు. అంత కోపిష్టి కూడా మనిషి మీద మాత్రం ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు.

చెల్లెలి మొగుడికి ఆ పట్టింపు లేదు. బెల్టు దొరికితే బెల్టు, లేకపోతే కాలు. మొన్నటిసారి ఆమె గొంతు మీద కాలేసి తొక్కాడు. అన్నే ఆమెను తీసుకొచ్చి, ఊరి అవతల ఒక మేడ మీద గదిలో దాచాడు. ఆమె పొయ్యి కావాలని అన్న సంస్థలోనే, తన పాత ఖాతాలోంచి ఆర్డరు పెట్టి, కొత్త చిరునామా సరిగ్గా పడిందో లేదో పేజీ తెరిచి చూసుకుంది. పొయ్యి ఇంటికొచ్చాక గానీ ఆ ఖాతాలో ఉన్నది మొగుడి నంబరని గుర్తురాలేదు. అదే పేజీ లింకు వాడి ఫోనుకూ వెళ్లి ఉంటుంది. వెంటనే అన్నకు ఫోన్ చేసింది. అతను అసలు సర్వర్‌లో చిరునామా తుడిచేసి, ఆఫీసు కంప్యూటర్లో లింకు తెరిచి చూసుకున్నాడు. ఖాళీ. ఇక భయం లేదు, వంట చేసుకోమన్నాడు.

ఆఫీసు కంప్యూటర్లు ప్రాక్సీ గుండా పోవు, నేరుగా అసలు సర్వర్‌కే పోతాయి. మార్పులు వెంటనే కనబడాలని ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఇతనే. ఆమె తెరిచినప్పటి నకలు ప్రాక్సీలో చెక్కుచెదరకుండా ఉంది. ఆ మధ్యాహ్నం మొగుడు లింకు నొక్కితే ఇంటి నంబరుతో సహా చిరునామా వచ్చింది.

వాడు ఇనప కడ్డీతో గడియ విరగ్గొట్టి లోపలికొచ్చాడు. మొదటి దెబ్బకు ఆమె ముంజేయి విరిగింది, రెండోదానికి దవడ పగిలింది. జుట్టు పట్టి గుమ్మానికేసి కొడుతుంటే, చేతికందిన మరిగే నీళ్ల గిన్నె వాడి మొహాన కుమ్మరించింది. పక్కగదివాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి వాడు కాలిన మొహంతో పారిపోయాడు. నేలంతా నెత్తురు.

ఆసుపత్రిలో ఆమె అన్నకు తన ఫోను చూపించింది. చిరునామా అక్షరం పోకుండా ఉంది. అదే పేజీ అన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఖాళీ. అతను కణుపులు చిట్లేదాకా గోడను గుద్దాడు. ఆ నెత్తుటి వేళ్లతోనే నకలు చెరిపేశాడు, చిరునామా ఉన్న ఏ పేజీకీ నకలు తీయొద్దని ప్రాక్సీకి నియమం పెట్టాడు, ఆఫీసు కంప్యూటర్లు నేరుగా పోయే దొడ్డిదారి మూసేశాడు. అక్కణ్నించి చెల్లెలి మొగుణ్ని చంపేయాలని వెళ్లి వాడి తలుపు తన్ని పగలగొట్టాడు. ఇంట్లో ఎవరూ లేరు. పోలీసులకూ దొరకలేదు.

ఆమె ఆసుపత్రి నుంచి బయటికొచ్చే రోజుకు అతను ఇంకో గది చూసిపెట్టాడు. అంతా సరిచేశానని, ఈసారి బయటి ఫోనులోంచి కూడా చూశానని చెప్పాడు.

తీగతో బిగించిన దవడ కదపకుండా ఆమె అంది. "నువ్వు మంచోడివే అన్నయ్యా. కానీ ఈసారి ఇల్లు నేనే చూసుకున్నా. ఎక్కడో నీక్కూడా చెప్పను."

అతను ఆమె సంచీ మోసుకొచ్చి కారులో పెట్టాడు. కారు ఎటు మళ్లిందో కంటబడకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.