కజ్జాయాలకు కొసరు నూనె

ఆ రోజుల్లో అలర్జీ అనే మాట మా కదిరి బజారుకు ఇంకా దిగుమతి కాలేదు. మాకున్నది ‘పడదు’ ఒక్కటే. మా అక్క కొడుక్కి మూడేళ్ళకే శెనక్కాయ పడదు, పాలు పడవు, గోధుమ పడదు. తెలియక ఎవరైనా పెడితే పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు తేలి, ఊపిరాడక గిలగిల్లాడేవాడు. (శెనక్కాయ తిని, శెనక్కాయ అమ్మి బతికే జిల్లాలో పుట్టి, శెనక్కాయే పడదనడానికి ఎంత ధైర్యం కావాలో చూడండి.)

ఆ ఉగాదికి అక్క వాణ్ణి తీసుకొచ్చింది. పెనం మీద గోధుమపిండి ఓళిగలు కాలుతుంటే వాడు వంటింటి గడప అవతలే ఆగి, “నాకు పడదు గదా పిన్నమ్మా” అని తానే చెప్పాడు. “నీకు కజ్జాయాలు చేస్తా ఉండ్రా!” అని మాటిచ్చేశాను. కజ్జాయాలంటే మా వైపు అరిసెలే: బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు. పాలతో పని లేదు, గోధుమతో పని లేదు. అడ్డమల్లా నూనే. మా ఇంట్లో నూనె అంటే శెనక్కాయ నూనే. అందుకని కుసుమ నూనె కోసం చెంబు పట్టుకుని గానుగాయన అంగడికి పరిగెత్తాను.

అంగడివాళ్ళ ఇంట్లో పుట్టి, చెప్పిన ధరకే కొంటే మా నాయన పరువేం కాను? నూనె పలచగా ఉందన్నాను, కొలపాత్రకు సొట్ట అన్నాను. గానుగాయన విసిగి దిగొచ్చాడు. అయినా వదిలితేగా! “కొసరెయ్యప్పా” అన్నాను.

“మీ నాయన యానాడన్నా ఎవురికన్నా కొసరేసినాడా పాపా?”

“అది మా నాయన్నే అడుగు. నువ్వెయ్యి.”

ఆయన నవ్వి, పక్క డబ్బాలోంచి ఓ గరిటెడు వంచి, “పండగపూట, పో తల్లీ” అన్నాడు.

నూనె మూకుట్లో కాగుతుండగా అక్కకు నా విజయగాథంతా వినిపించాను, కొసరు దగ్గర గొంతు పెంచి మరీ. వాడు అప్పటికే పళ్ళెం పట్టుకుని కూర్చున్నాడు. అక్క నెమ్మదిగా, “ఆ పక్క డబ్బాలో ఉండేది ఏం నూనెనే?” అంది.

ఇంకేం నూనె? శెనక్కాయ నూనే! “దించు, దించే!” అని అక్క కేక. మూకుడు దించి, వాడి పళ్ళెం లాక్కున్నాను. వాడు ఏడవలేదు. “ఇదీ పడదా?” అన్నాడంతే. ఆ మాటకు వేరే చెంబు అందుకుని, చెప్పులు కూడా మరచి ఎండలో గానుగాయన అంగడికి పరుగు తీశాను.

“కొత్త డబ్బా తెరువు! కొలపాత్ర కడిగి తుడువు! నువ్వు చెప్పిన ధరే తీసుకో! కొసరు ఏసినావంటే మాత్రం చూడు!”

గానుగాయన నిర్ఘాంతపోయాడు. “ఏమప్పా, ఈ పాపకు ఎండదెబ్బ తగిలినట్టుండాది, ఎవురన్నా నీళ్ళు తేండప్పా!”

అమ్మ అటక మీది కొత్త మూకుడు దించింది. మొదటి కజ్జాయం వంకరగా వచ్చింది. వాడు కొరికాడు. అమ్మ, అక్క, నేను, అంగడి వదిలేసి వచ్చిన నాయన, అందరం ఊపిరి బిగబట్టి వాడి పెదాలే చూస్తున్నాం. ఎంతసేపు చూసినా అవి పెదాల్లాగే ఉన్నాయి. మా చూపులకు బెదిరి, “తినగూడదా?” అన్నాడు. “తినరా నాయనా, తిను!” అని అందరం ఒక్కసారే అరిచాం. వాడు ఇంకోటి తీసి లాగూ జేబులో దాచుకున్నాడు, మేము ఎక్కడ మనసు మార్చుకుంటామోనని.

ఇప్పటికీ నేను గీచిగీచి బేరమాడకుండా కొత్తిమీర కట్ట కూడా కొనను. కానీ ఆ రోజు కాళ్ళు కాలుతున్నా లెక్కచేయక, నూనె చెంబు గుండెకు హత్తుకుని నవ్వుతూ ఇంటికి పరిగెత్తిన ఆ పిల్ల బజార్లో ఎదురైతే ఒకటి అడగాలనుంది: బేరంలో అంత సంతోషంగా ఓడిపోవడం నీకెట్లా వచ్చిందే? నాకు మళ్ళీ చేతకాలేదు.