తాతబాబు కోసిన వల

కుర్రతనంలో తాతబాబు చేతిలో రూపాయి నిలిచేది కాదు. పెదజాలరిపేటలో తాతల నుంచీ సముద్రం మీద బతికే కుటుంబం అతనిది. వేట బాగా పడిన రోజు స్నేహితులందరికీ బిర్యానీ, తనకో కొత్త చొక్కా, ఆపైన సినిమా. "రేపటికేటి ఉంచినావురా?" అని తల్లి చిట్టెమ్మ అడిగితే, "సముద్రం ఎక్కడికి పోద్దే అమ్మా?" అనేవాడు. పెళ్ళయ్యాకా అంతే. భార్య పాపాయమ్మ చేపలమ్మి దాచుకున్నది వెతికి మరీ తీసేవాడు.

హుద్‌హుద్ తుపానుకి ఒడ్డున ఉన్న అతని బోటు ముక్కలైపోయింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. మూడేళ్ళు పరాయి బోట్లలో కూలికి వెళ్ళాడు. ఒకప్పుడు అతని బిర్యానీ తిన్నవాళ్ళే, చేపల వాటా ఇచ్చేటప్పుడు చిన్న చేపలు ఏరి ఇచ్చేవాళ్ళు. ఆ చేపలు ఇంటికి మోసుకొస్తూ మనిషి మారిపోయాడు.

మళ్ళీ ఫైబర్ బోటు కొనేదాకా కడుపు కట్టుకున్నాడు. కొన్నాక కూడా ఆ పట్టు వదల్లేదు. వచ్చిన ప్రతి పైసా పోస్టాఫీసుకే. పాపాయమ్మ కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టి ఇచ్చాడు.

కిందటేడు ఆగస్టులో హార్బర్ మెకానిక్ గురువులు ఇంజను చూసి, "డీజిల్ పైపు పగిలిపోనాది. మార్సీ. ఆరొందలు" అన్నాడు. తాతబాబు సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి పైపుకి బిగించి చుట్టాడు. "ఈ సీజన్‌కి సాల్తాది" అన్నాడు. పాపాయమ్మ తమ్ముడు అప్పలరాజు పక్కనే ఉన్నాడు. ఆ బోటులో బావతో వేటకెళ్ళేది అతనే.

నాలుగో రోజు పొద్దున్నే ఇద్దరూ వల వేసి కూర్చున్నారు. వల తీసే ముందు ఇంజను వేద్దామని దాని తాడు లాగితే అందుకోలేదు. ట్యాంకు ఖాళీ. ట్యూబు చుట్టిన చోటునుంచి డీజిలంతా కారి బోటు అడుగున నీళ్ళతో కలిసిపోయి ఉంది. పేటకి ఫోన్ చేస్తే బోటు పంపుతున్నామన్నారు, రావడానికి గంట పడుతుంది. ఈలోగా నీటి వాటం వాళ్ళని పోర్టుకొచ్చే ఓడల దారిలోకి లాక్కుపోతోంది.

ఓడని ముందుగా అప్పలరాజు చూశాడు. బొగ్గు ఓడ, నేరుగా వాళ్ళ మీదికే వస్తోంది. అతను తెడ్డు అందుకున్నాడు. ఎంత వేసినా బోటు కదలదు. నీళ్ళలో ఉన్న వల బరువుగా వెనక్కి లాగుతోంది. చేత్తో పైకి లాగాలంటే అరగంట.

"వల కోసెయ్ బావా!"

తాతబాబు కత్తి తీశాడు. వల తాడు మీద పెట్టాడు. అక్కడే ఆపాడు. ఆ వల ఏడాది పొదుపు.

"ఏటి సూత్తన్నావ్? కొయ్యి!"

"అరవై వేలురా..."

"నా పేణానికెంత కట్టినావు బావా?"

ఓడ హారన్ మోగింది. ఆ మోతకి బోటు అదిరింది. తాతబాబు కళ్ళు మూసుకుని తాడు కోశాడు. కత్తి విసిరేసి రెండో తెడ్డు పట్టాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వేశారు. ఓడ గోడలా పక్కనుంచి వెళ్ళింది. దాని అలకి బోటు ఒరిగి సగం నీళ్ళతో నిండింది. మునగలేదు. పేట బోటు వచ్చేసరికి ఇద్దరూ దోసిళ్ళతో నీళ్ళు తోడుతున్నారు.

అప్పలరాజు ఒడ్డుకి చేరాక, "అక్కా, నానింక బావతో ఎళ్ళను" అని చెప్పి వెళ్ళిపోయాడు. జరిగింది విన్న పాపాయమ్మ పోస్టాఫీసు పుస్తకం తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఇదెవులి కోసం దాత్తన్నావు?"

తాతబాబు మర్నాడే కొత్త పైపు, కొత్త వల, రెండు లైఫ్ జాకెట్లు కొన్నాడు. బావమరిది ఇంటికి వెళ్ళి మళ్ళీ వేటకి రమ్మని అడిగాడు. అతను రానన్నాడు. రెండోసారి తలుపు తియ్యలేదు. రెండు నెలల తర్వాత, మూడోసారి, ఒక షరతు పెట్టాడు.

"బోటుకి ఏటి కొనాలో నాను సెప్తాను. నువ్వు ఎదురు సెప్పకూడదు."

తాతబాబు తలూపాడు.

కిందటి నెల అప్పలరాజు ఇంజనంతా విప్పించి బాగు చేయించాడు. ఎంతైందో తాతబాబు అడగలేదు. అడక్కుండా ఉండలేననిపించి, పని అయ్యేదాకా దూరంగా ఇసకలో వెళ్ళి కూర్చున్నాడు.