రాయనుకొని కాలు వేసిన శకుంతల

ఇస్నాపూర్‌లో బొంబాయి రోడ్డు మీద కిష్టయ్యకు ఒక కిరాణా దుకాణం ఉండేది. పేరుకు ఆయనదే అయినా, తక్కెడ పట్టేది ఎక్కువగా ఆయన భార్య శకుంతల. ఒక్కగానొక్క కూతురు విమలను జోగిపేటకు ఇచ్చి పెళ్లి చేశాక ఆమెకు ఇంటి పని తగ్గి దుకాణం పని పెరిగింది. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. అటు సంగారెడ్డి, ఇటు బేగంబజార్, అంతకు మించి దూరం పోయి ఎరగదు.

ఆమెకు ఒక కోరిక ఉండేది. ఉప్పు బస్తా మూతి విప్పినప్పుడల్లా అది బయటపడేది.

"గింత ఉప్పు ఏ నీళ్లల్లకెళ్లి వస్తదో, ఆ నీళ్లు ఒక్కసారి కండ్లార చూడాలె."

"చూసి ఏం జేస్తవ్? ఉప్పు మన ఇంటికే వస్తున్నది గద" అనేవాడు కిష్టయ్య.

రామచంద్రాపురంలో పెద్ద ఫ్యాక్టరీ వచ్చాక కోస్తా నుంచి చాలా కుటుంబాలు ఇటు వచ్చాయి. వెంకటేశ్వరరావు అనే ఫిట్టరు, ఆయన భార్య హైమావతి, దుకాణం వెనక గదిలో కిరాయికి దిగారు. హైమావతిది భీమునిపట్నం. మొదటి రోజే ఆమె వేరుశనగ అడిగితే శకుంతల శనగపప్పు కట్టి ఇచ్చింది. "ఇవి కావు వదినా" అని హైమావతి డబ్బా వైపు వేలు చూపిస్తే, "పల్లీలని చెప్పరాదు మరి!" అని శకుంతల నవ్వింది. ఆ నవ్వుతోనే ఇద్దరికీ స్నేహం కుదిరింది.

డెబ్భై ఒకటో సంవత్సరం మాఘమాసంలో హైమావతి తమ్ముడి పెళ్లి. "నువ్వూ రావాలి వదినా, మా ఇంటి గుమ్మంలో నిలబడితే సముద్రం కనిపిస్తుంది" అంది హైమావతి. శకుంతల భర్త ముఖం వైపు చూసింది. కిష్టయ్య కాసేపు లెక్కలేవో వేసుకున్నట్టు నిలబడి, "సరే, పోయిరా. దుకాణం నేను చూసుకుంట" అన్నాడు.

భీమునిపట్నంలో శకుంతల మొదటిసారి సముద్రం చూసింది. అల వచ్చి పాదాల కింద ఇసుకను లాక్కుపోతుంటే హైమావతి చేయి గట్టిగా పట్టుకుంది. దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుని, "ఉప్పే!" అని చిన్నపిల్లలా అరిచింది. పెళ్లి పనుల మధ్య కూడా ఏ కాస్త వీలు దొరికినా ఒడ్డుకు వెళ్లి కూర్చునేది.

పెళ్లి మరునాటి ఉదయం నీళ్లు బాగా వెనక్కి తీశాయి. ఎప్పుడూ మునిగి ఉండే రాళ్లు నాచుతో పచ్చగా బయటపడ్డాయి. శకుంతల చెప్పులు ఇసుకలో వదిలేసి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, రాయి మీంచి రాయి మీదికి దాటుతూ పోయింది. రెండు బండల మధ్య మడుగులో చిన్న రాయి ఒకటి కనిపించింది. గరుకుగా, బొడిపెలతో, మడుగు అడుగులాగే మట్టి రంగులో ఉంది. దాని మీద కాలు వేసింది.

రాయి మెత్తగా కదిలింది. అదే క్షణంలో పాదంలోకి కాల్చిన దబ్బనాలు దిగినట్టయింది.

ఆమె కేక విని హైమావతి పరిగెత్తుకొచ్చింది. పక్కనే బండలకు అంటుకున్న ఆల్చిప్పలు కొడుతున్న సోమమ్మ అనే జాలరి ఆమె కూడా వచ్చి, మడుగులోకి కర్రతో పొడిచి చూసింది. "రాయిచేప! ముళ్లు దిగిపోనాయి తల్లీ. కదలకు, మేం మోస్తాం."

ఇద్దరూ ఆమెను చేతుల మీద ఎత్తుకుని దగ్గర్లోని సోమమ్మ గుడిసెకు చేర్చారు. అప్పటికే నొప్పి పాదం దాటి పిక్కలోకి, తొడలోకి పాకింది. ముళ్లు దిగిన చోట చర్మం తెల్లబడి, చుట్టూ నీలంగా మారుతోంది. కాలు చూస్తుండగానే ఉబ్బిపోతోంది. "కాలు నరికెయ్యుండ్రి, నాతోని కాదు" అని శకుంతల ఏడ్చింది. ప్రసవం నొప్పులు కూడా దీని ముందు తక్కువే అనిపించింది ఆమెకు.

పొయ్యి మీద అన్నానికి పెట్టిన ఎసరు కాగుతోంది. సోమమ్మ దాన్ని తొట్టిలో పోసి, చన్నీళ్లు కలిపి, ముందు తన చేయి ముంచి చూసుకుంది. "ఈవిడ కాలికి ఇప్పుడు వేడి తెలీదు. నా సెయ్యి ఓర్సుకుంటేనే పెట్టాలి, లేకపోతే బొబ్బలెక్కిపోద్ది." కాలు నీళ్లలో పెట్టిన కాసేపటికి శకుంతల ఏడుపు మూలుగులోకి దిగింది. నీళ్లు చల్లారితే నొప్పి మళ్లీ లేచేది. సోమమ్మ మళ్లీ వేడి నీళ్లు కలిపేది.

నొప్పి కొంత తగ్గింది గానీ, ఒళ్లంతా చెమటలు పట్టి, వాంతి అయింది. గుండె గబగబా కొట్టుకుని, మధ్యలో ఒక దెబ్బ తప్పుతున్నట్టు తోచింది. ఊపిరి అందడం లేదు. కన్నవాళ్లకీ కట్టుకున్నవాడికీ దూరంగా, ముక్కూ మొహం తెలియని గుడిసెలో పోతానేమో అనుకుంది. "విమలకు చెప్పు వదినె..." అని ఏదో అనబోయింది.

"నువ్వే చెప్పుకుందువు గాని, ఊరుకో!" అని హైమావతి కసిరి, కళ్లు తుడుచుకుంటూ ఇంటికి పరిగెత్తింది. పెళ్లికి మాట్లాడిన కారు ఇంకా గుమ్మం ముందే ఉంది. అందులో విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడ డాక్టరు వీర్రాజు పాదానికి మత్తు సూది ఇచ్చి, లోపల విరిగిన ముల్లు ముక్క తీశాడు. రక్తపోటు పడిపోయిందని సెలైను ఎక్కించి, ధనుర్వాతానికి సూది వేశాడు. మరునాడు ఆమె కాస్త తేరుకున్నాక మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆ చేప మీ మీదికి రాలేదమ్మా. దాని వీపు మీద ముళ్లుంటాయి, ముల్లు ముల్లుకీ విషం సంచులు. మనం తొక్కితే మన బరువుకే ఆ సంచులు నలిగి విషం లోపలికి ఎక్కుతుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి కాలు వాచిపోతుంది. ఎక్కువ ఎక్కితే కండరాలు పట్టు తప్పుతాయి, గుండె తడబడుతుంది. మీరు గట్టెక్కేశారు."

"వేడినీళ్లకు ఎందుకు తగ్గింది సారూ?"

"ఆ విషానికి వేడి పడదు. ఉడికిన కోడిగుడ్డు మళ్లీ సొన కాదు కదా, అలాగ దాని బలం చెడిపోతుంది. ఆస్ట్రేలియాలో దీనికి విరుగుడు మందే ఉంది, మన దాకా ఇంకా రాలేదు. సోమమ్మ చేసింది మంచి పని."

"మేము గుడ్డు ముట్టం సారూ" అంది శకుంతల నీరసంగా. డాక్టరు నవ్వేశాడు. ఆమెకూ నవ్వు వచ్చింది.

తంతి అందుకుని కిష్టయ్య రైలెక్కి వచ్చాడు. ఏనుగు కాలులా వాచిన పాదాన్ని చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "మన ఇంట్ల చేప పేరు కూడ ఎత్తం. గసొంటి నిన్నే చేప కుట్టాల్నా!" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

ఇస్నాపూర్ చేరాక అసలు కష్టం మొదలైంది. పుండు చుట్టూ చర్మం నల్లబడి ఊడిపోయింది. సంగారెడ్డి ఆసుపత్రిలో కట్టు మార్పించుకుని వచ్చేవారు. వాపు దిగాక కూడా బొటనవేలి కింద తిమ్మిరి పోలేదు. కాలు నేల మీద మోపాలంటేనే ఆమెకు వణుకు. నున్నటి గచ్చు మీద కూడా కింద చూసుకుని గాని అడుగు వేసేది కాదు. కిష్టయ్య పొద్దున్నే పొయ్యి వెలిగించడం నేర్చుకున్నాడు. హైమావతి రోజూ సాయంత్రం భుజం ఇచ్చి దుకాణం నుంచి రోడ్డు మలుపు దాకా నడిపించేది. వర్షాలు మొదలయ్యేసరికి శకుంతల ఎవరి భుజమూ లేకుండా మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆ రోజు దుకాణానికి వచ్చిన పిల్లలందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టింది.

మళ్లీ మాఘం దగ్గర పడుతుండగా ఒకనాడు ఆమె మెల్లగా కదిపింది.

"ఇనుండ్రి. జెర సముద్రం దాకా పోయొద్దాం."

"ఒక్కసారి కుట్టింది చాలదా?"

"కుట్టింది చేప గద, సముద్రం ఏం జేసింది?"

కిష్టయ్య రైలు ఖర్చు లెక్క కట్టడం మొదలుపెట్టాడు. విషయం తెలిసి వెంకటేశ్వరరావు తన పాత ఫ్యాక్టరీ బూట్లు తెచ్చి ఇచ్చాడు. అడుగు బాగా మందం. శకుంతల వాటిలో గుడ్డలు కుక్కి తొడుక్కుంటే సరిపోయాయి.

చీర కింద నల్లటి బూట్లతో ఆమె నడుస్తుంటే భీమునిపట్నం ఒడ్డున పిల్లలు వెంటపడి నవ్వారు. సోమమ్మ వచ్చి ముందు కాలు చూపించమంది. మానిన మచ్చను వేలితో తడిమి, "మానిపోనాది" అని సంతోషించింది. ఇసుక ఉన్న చోట, అలలు చిన్నగా ఉన్న చోట, ఎక్కడ దిగాలో, కాళ్లు ఎత్తకుండా ఎలా నడవాలో చూపించింది. శకుంతల నీళ్ల అడుగు కనిపిస్తుందేమోనని వంగి చూసింది, కనిపించలేదు. అయినా దిగింది. ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుని, ఇంకో అడుగు ముందుకు జరిగింది. మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాక వెనక్కి తిరిగింది.

కిష్టయ్య ధోవతి అంచు పట్టుకుని తడి ఇసుక మీదే నిలబడి ఉన్నాడు.

"రాండ్రి! అడుగు ఎత్తి వెయ్యకుండ్రి. కాళ్లు ఈడ్చుకుంట రాండ్రి, కింద ఏమున్నా పక్కకు జరుగుతది."

ఆయన ఒకసారి సోమమ్మ వైపు, ఒకసారి ఆకాశం వైపు చూశాడు. తరువాత చెప్పులు విడవకుండానే, ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ భార్య చాచిన చేతి వైపు నడిచాడు.