చీరల కౌంటర్‌లో నీళ్ల మాత్ర

బీపీ చూసే పట్టీ చేతికి బిగుసుకున్నప్పుడల్లా నాకు సరోజా మేడం గొంతు వినిపిస్తుంది. ఎల్బీనగర్‌లో మేము కిరాయికున్న ఇంటి పైవాటాలో ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, జువాలజీ లెక్చరరు. మా అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో చీరలు చూపించేది. బీపీకి డాక్టరు రాసిచ్చిన, ఒంట్లో నీరు తీసే నీళ్ల మాత్రను డ్యూటీ ఉన్న రోజు వేసుకునేది కాదు. బీపీ దిగేది కాదు, సాయంత్రానికి కాళ్లు వాచేవి. డాక్టరు తిట్టేవాడు, నాన్న తిట్టేవాడు. తిట్టడానికి చదువెందుకు?

"శనివారం చప్పిడి తింటున్న కద మేడం, వారంల తిన్న ఉప్పంత దాంతోనే పోతది," అంది అమ్మ ఒకరోజు.

"కిడ్నీలకు వారాలు తెలీవమ్మా," అన్నారావిడ. "ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీళ్లు నిలుస్తాయి, రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఉప్పునీ నీళ్లనీ మూత్రంలో బయటికి పంపి ఒత్తిడి దించాల్సింది కిడ్నీలే. మీ కిడ్నీలు ఒత్తిడి బాగా పెరిగితే గానీ కదలట్లేదు. మాత్ర వాటికి సాయం. ఎందుకు మానేశారు?"

ఎందుకని అడిగిన మొదటి మనిషి ఆవిడే. అమ్మ గొంతు తగ్గించింది. "ఏస్కుంటే ఊకె ఒంటికి పోవాలె. ఆడోళ్లది మూడో అంతస్తుల ఉంది. కౌంటర్ ఇడిస్తే మేనేజర్ మొకం మాడ్సుకుంటడు. నీళ్లు తాగుడే బంద్ వెట్టిన."

మేడం ముఖం ఎర్రబడింది. శ్రావణమాసం రద్దీలో నన్ను వెంటేసుకుని ఆ షాపుకెళ్లారు. అమ్మ చేత చీరలన్నీ పరపించి మేనేజరును పిలిచారు.

"ఈవిడ వెళ్లొచ్చేదాకా నేను కొనను, కదలను."

"ఎక్కడికి మేడం?"

"బాత్రూమ్‌కి. మీరు వెళ్లరా? మీకు కిడ్నీల్లేవా?"

పక్కన చీరలు చూస్తున్న ఒకావిడ పకపకా నవ్వింది. "గట్ల అడుగక్కా!"

"ఎవరొద్దన్నరు, పొమ్మనుండ్రి," అని గొణిగాడు మేనేజరు.

"వద్దనక్కర్లేదు, మీ మొహం చాలు. రేపూ వెళ్తుంది. నేనూ వస్తా, చూస్తా."

అమ్మ సిగ్గుతో మెట్లెక్కింది. ఇంటికొచ్చాక, "నౌకరి పోతె మీ మేడం ఇస్తదా?" అని నా మీద విరుచుకుపడింది. నౌకరి పోలేదు. ఆ వారం నుంచి సేల్స్ ఆడవాళ్లు ఒకరి కౌంటర్ ఒకరు చూసుకుంటూ వంతులవారీగా వెళ్లడం మొదలుపెట్టారు. అమ్మ రోజూ పొద్దున మాత్ర వేసుకుంది. కొన్నాళ్లకు బీపీ దిగింది.

మేడం ఇప్పుడు లేరు. నాకు నోరెక్కువని మా ఆఫీసులో అంటారు, అననీ. మొన్న ఊడ్చే ఎల్లమ్మను స్టాఫ్ బాత్రూమ్‌లోకి రావద్దన్న పెద్దమనిషితో అందరి ముందూ కొట్లాడాను. ఆ బాత్రూమ్ తాళంచెవి ఇప్పుడు ఎల్లమ్మ కొంగునే ఉంటుంది.