వాన కథకు నాలుగు ప్రశ్నలు

అరుణజ్యోతి టీచరుది పెద్ద గొంతు. ఆమె పాఠం చెబితే రోడ్డు మీద పోయే ఆటోవాడికి కూడా ఎక్కాలు వచ్చేస్తాయని ఊళ్లో వేళాకోళం. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ధర్మవరంలో పట్టుమగ్గాల మధ్య పుట్టి పెరిగింది. మగ్గం చప్పుడును దాటి మాట వినిపించాలంటే గొంతు పెంచక తప్పదు. తండ్రి జయరాముడు నేసిన చీరలు ఎన్నో పెళ్లిపీటల దాకా పోయాయి గానీ, ఆ ఇంటికి ఒక్క కథల పుస్తకం రాలేదు. అందుకేనేమో చదవడమన్నా చదివించడమన్నా ఆమెకు ఒక మొండి ప్రేమ. ఉద్యోగం ఉరవకొండ దగ్గరి పల్లెలో వచ్చింది. ఎండాకాలం ఆ బడి రేకుల కింద కూర్చుంటే మనిషి వేగిపోతాడు. అయినా బదిలీ అడగకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది.

ఆ బడిలో ఇద్దరే టీచర్లు. ఈమె, హెడ్మాస్టరు పుల్లన్న సారు. పుల్లన్న సారు మంచివాడే, కాకపోతే మార్కుల మనిషి. పిల్లలకు ఆయన నేర్పిన విద్య ఒకటుంది, దానికి 'ముక్క పట్టడం' అని పేరు. పాఠం కింద ప్రశ్న ఉంటుంది గదా, ఆ ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతకాలి. దొరికిన చోటి నుంచి చుక్క పడేదాకా దించేయాలి. అంతే, జవాబు తయారు. అర్థంతో పనిలేదు, ఆలోచనతో అసలే లేదు. ఈ విద్యతోనే ఆ బడికి మండలంలో పేరొచ్చింది. మొదట్లో అరుణజ్యోతి కూడా ఇదే నేర్పింది. దాచడమెందుకు, అందరి ముందూ శాలువా కప్పుతుంటే ఆమెకూ సంతోషంగానే ఉండింది.

నాలుగో తరగతిలో సిమ్రాన్ అని ఒక పిల్ల. అల్లాబకాష్, అమీనాబీల పెద్దకూతురు. వాళ్లది కౌలు సేద్యం. ఆ పిల్ల పుస్తకం పట్టిందంటే గుత్తి దాటిన రైలే, ఇక ఆగేది లేదు. ఒకరోజు పడవ పాఠం చదివించి టీచరు ఊరికే అడిగింది.

"పడవ యాడ పోతాదే సిమ్రానూ?"

"నదిలో మేడం."

"నది అంటే?"

"పడవ పోయేది మేడం."

టీచరుకు ఎక్కడో కాలింది. గిర్రున తిరిగి బోర్డు మీద నోటికొచ్చిన పిచ్చి వాక్యం ఒకటి రాసింది. 'బులిగి టపకలో జింపిని గుమికింది.' ఆ మాటలకు ఏ భాషలోనూ అర్థం లేదు. కింద ప్రశ్న కూడా రాసింది. 'బులిగి జింపిని ఎక్కడ గుమికింది?' తరగతి మొత్తం ఒక్క గొంతుతో "టపకలో" అని అరిచింది. టపక అంటే ఏమిటని ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు.

"టపక అంటే ఏమే?" అంది టీచరు.

"మీరు సెప్పలేదు గదా మేడం," అంది సిమ్రాన్, తప్పు టీచరుదే అన్నట్టు.

తప్పు టీచరుదే మరి! చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత చెప్పి నవ్వుకుంటాం గానీ, ఆ పని తన చేతులతో తానే చేస్తున్నానని తెలిస్తే ఎవరికి నవ్వొస్తుంది? అరుణజ్యోతి ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మరుసటి రోజు నుంచి ఆమె దారి మార్చింది. ఒక్కొక్క వాక్యం చదవడం, పుస్తకం మూయడం, కళ్లు మూసుకోవడం. ఏం కనబడిందో ఇంట్లో అవ్వతో చెప్పినట్టు చెప్పాలి. కనబడకపోతే చదవనట్టే లెక్క. కొత్త మాట వస్తే బోర్డు మీద అర్థం రాయడం మానేసింది. "ఈ మాట మీ ఇంట్లో యాడుందో వెతుక్కోని రాండి" అని పంపేది. 'ఓర్పు' అన్న మాటకు ఒకడు తమ కాడెద్దు గురించి చెప్పాడు. 'పొదుపు' అంటే బిందెలో అడుగున మిగిలిన నీళ్లతో తమ నాగలక్ష్మమ్మ అవ్వ ఏమేం చేస్తుందో ఇంకో పిల్ల వరస పెట్టి చెప్పింది. తరగతి గది సంత అయిపోయింది. ఆ సంతలో అందరికంటే ఎక్కువ అడిగేది సిమ్రానే. ఎందుకు మేడం, ఎట్ల మేడం, ఆయమ్మ అట్ల ఎందుకనింది మేడం అని తల తినేసేది. టీచరు విసుక్కునేది గానీ లోపల మురిసిపోయేది.

పుల్లన్న సారు మాత్రం తల గోక్కున్నాడు. "ఏమమ్మా, పరీక్షలు నెత్తి మీదికొస్తాండాయి. నువ్వు ఎద్దులు, బిందెలు అంటే ఎట్ల?"

"అర్థం కాని సదువు ఎందుకు సార్?" అంది ఆమె.

ఆ ఏడు చెనక్కాయ, అదే వేరుశనగ పంట, ఒక మాదిరిగా పండింది. ఆ నేలలో అదే గొప్ప. చెట్లు పీకి చేలల్లోనే ఆరబోశారు. సరిగ్గా అప్పుడు పట్టింది వాన. విత్తనం వేసి చేతులు జోడించి పిలిచినప్పుడు మొహం చాటేసిన వాన, పీకిన పంట మీద ముసురై కూర్చుంది. దాన్ని ఏమనాలో చెప్పండి! కాయ నల్లబడింది, కొంత చేలోనే మొలకెత్తింది, పశువుల మేతకు కూడా పనికిరాకుండా చెట్టు కుళ్లిపోయింది. సిమ్రాన్ కొన్నాళ్లు బడికి రాలేదు. వచ్చిన రోజున బోర్డు మీద 'ఆరాటం' అన్న మాట ఉంది. ఎవరూ అడగకముందే ఆ పిల్ల లేచి నిలబడింది.

"మా ఇంట్లో సూసినా మేడం. సినుకు పడగానే మా నాయన సేను కాన్నుంచి ఇంటికి పరిగెత్తుకోని వచ్చినాడు. కండ్లలో నీల్లు మేడం. అందర్నీ కేకేసినాడు. మేమంతా పరిగెత్తితిమి. కప్పనీకి పట్టలు సాల్లేదు. మా యమ్మ పెట్టెలో సీరలు తెచ్చి కప్పింది. అయినా తడిసిపాయ. అదే గదా మేడం ఆరాటం?"

అరుణజ్యోతి సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని తరగతికంతా చెప్పింది. "సూసినారా? సదవడమంటే ఇదీ. ఈ మాట సిమ్రాన్ ఇంక సచ్చినా మర్సిపోదు." అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

ఆ వానతో అల్లాబకాష్ సేద్యం ముగిసింది. కొన్నాళ్లకు అమీనాబీ చంటివాణ్ణి చంకనెత్తుకుని బడికొచ్చింది.

"మేడం, మేము బెంగులూరికి పోతాండాము. ఆడ బిల్డింగుల కాడ పని ఉండాదంట. మేమిద్దరం పనికి పోతే ఈ బిడ్డ సిన్నోన్ని ఎత్తుకోని ఇసక కుప్పల కాడ కూసోవల్ల. ఇంగ సదువు యాడిది? హాస్టలు బడికి పరీక్ష పెడతారంట గదా. దాంట్లో సీటొస్తే ఈడే ఉండి సదువుకుంటాది. అంతవరకూ మేము ఆగుతాము. నువ్వే దిక్కు తల్లీ."

"వస్తాది అమీనాబీ, ఎందుకు రాదు?" అంది అరుణజ్యోతి. సీటు ఇంటికొచ్చి కూర్చున్నంత ధైర్యంగా అంది.

అప్పట్నుంచి బడి వదిలాక కూడా సిమ్రాన్‌ను కూర్చోబెట్టి చదివించింది. లెక్కలు పుల్లన్న సారు చూసుకున్నాడు. పరీక్ష దగ్గర పడ్డాక ఆయన ఒకరోజు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"అరుణమ్మా, ఒక మాట సెప్తా, కోపం తెచ్చుకోవద్దు. ప్రశ్నలు రాసేటోడు ఎవుడో మనకు తెలీదు. వాడు పుస్తకం మనిషి. పుస్తకంలో వానొస్తే సంతోషం, సీకటైతే బయ్యం, అవ్వొస్తే కథ. ఇంగో అర్థం ఉండదు. ఈ నాలుగు ముక్కలు పిల్ల సెవిలో వెయ్యి."

"అది సదువా సార్?"

"సదువు కాదమ్మా. సీటు."

ఆమెకు సర్రున కోపం వచ్చింది. ఇన్నాళ్లూ కష్టపడి పిల్ల కళ్లు తెరిపించి, ఇప్పుడు మళ్లీ గంతలు కట్టమంటాడా ఈయన? "నా పిల్లకు అవసరం లేదు సార్. అర్థం చేసుకోని సదువుతాండాది. అదే రాస్తాది," అని విసురుగా లేచి వెళ్లింది.

పరీక్ష ఉరవకొండలో జరిగింది. గేటు బయట అమీనాబీ, అరుణజ్యోతి పక్కపక్కనే నిలబడ్డారు. సిమ్రాన్ అందరికంటే ముందు గంతులేసుకుంటూ వచ్చింది.

"మేడం, ఒక కథ ఇచ్చినారు. మన కథే మేడం! మా నాయన కథ!"

టీచరు ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుంది. కథ చిన్నదే. చాలా రోజులకు మబ్బు పట్టింది. చినుకులు పడ్డాయి. రైతు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి పరుగెత్తి భార్యా పిల్లలను కేకేశాడు. అందరూ చేను దగ్గరికి పరుగెత్తారు. దాని కింద నాలుగు ప్రశ్నలు. సరైన జవాబు అనుకున్నదాని పక్కన సిమ్రాన్ పెన్సిలుతో టిక్కు పెట్టుకుంది. రైతు కళ్లలో నీళ్లు ఎందుకు తిరిగాయి? 'దుఃఖంతో'. ఎందుకు పరుగెత్తాడు? 'పంటను కాపాడుకోవడానికి'. తరువాత వాళ్లు ఏం చేసి ఉంటారు? 'పంటను కప్పి ఉంటారు'. కథకు తగిన పేరు ఏది? 'తడిసిన పంట'. ఆ పక్కనే 'ఆనందంతో' ఉంది, 'వానను చూపించడానికి' ఉంది, 'వానలో ఆడి ఉంటారు' ఉంది, 'వాన పండుగ' ఉంది. ఏ ఒక్కదాని పక్కనా టిక్కు లేదు.

అరుణజ్యోతి కథ మళ్లీ చదివింది. పంట పీకినట్టు అందులో లేదు. పీకనట్టు కూడా లేదు. ఏ పచ్చని ఊరి మనిషి రాశాడో మహానుభావుడు, వాన పడితే మనిషి ఏడ్చి పరుగెత్తే చోటు ఒకటుంటుందని అతనికి తోచి ఉండదు. ఆ పిల్ల ఒక ప్రశ్న తప్పు చేస్తే వేరు. మొదటిదాన్ని పట్టుకుని మిగతా మూడూ అంత పొందికగా, అంత చక్కగా ఆలోచించి రాసింది. తాను నేర్పినట్టే రాసింది.

"బాగా రాసినాదా మేడం?" అమీనాబీ అడిగింది.

"రాసినాది," అంది అరుణజ్యోతి. ప్రశ్నపత్రం మడిచి సిమ్రాన్ చేతికిచ్చింది.

ఫలితాలు వచ్చాయి. మిగతా పత్రమంతా సిమ్రాన్ బాగానే చేసింది గానీ ఆ కథ దగ్గర పోయిన మార్కులతో సీటు చేజారింది. అరుణజ్యోతి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది. జవాబుల పట్టికే తప్పని పరీక్షల ఆఫీసులో ఒకాయనతో గొడవ పడింది. ఆయన మర్యాదగానే విని, "మేడం, వానంటే సంతోషమే గదా" అన్నాడు. ఇక వాదించి ఏం లాభం?

పుల్లన్న సారు నేను ముందే చెప్పలేదా అనలేదు. అమీనాబీ కూడా నిష్ఠూరమాడలేదు. ఎవరైనా నాలుగు మాటలు అనుంటే బాగుండేది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, తొక్కింది తాను, కడుక్కునేది ఆ పిల్ల. ఈ ఆలోచన అరుణజ్యోతిని కుదురుగా కూర్చోనివ్వలేదు. పిల్లను తన ఇంట్లో పెట్టుకుంటానని కూడా అడిగి చూసింది. "సిన్నోన్ని ఎవరు సూసుకుంటారు మేడం?" అన్నాడు అల్లాబకాష్, తల వంచుకుని.

వాళ్లు బయల్దేరిన రోజు ఉరవకొండ బస్టాండుకు వెళ్లింది. అల్లాబకాష్ మూటలు సర్దుతున్నాడు. సిమ్రాన్ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"మేడం, ఆ కథలో ఆయప్ప నిజంగా సంతోషపడినాడా?"

"ప్రశ్న రాసినోల్లు అట్లనుకున్నారమ్మా."

"వాల్లు సెనక్కాయ ఎయ్యరా?"

"ఎయ్యరేమో."

సిమ్రాన్ తమ్ముణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు.

"బెంగులూర్లో బడి ఉంటే పోతా మేడం. ఆడ ఎట్ల సదవల్ల? మీరు సెప్పినట్లనా, పుల్లన్న సార్ సెప్పినట్లనా?"

మీ నాన్న ఏడుపు నిజం, నువ్వు చదివింది నిజం, నేను నేర్పినట్టే చదువు తల్లీ అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట ఒకసారి నమ్మినందుకే ఈ పిల్ల చంకలో తమ్ముడు, ఎదురుగా బెంగుళూరు బస్సు. మళ్లీ చెప్పడానికి ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

"పరీక్షలో అయితే," అంది అరుణజ్యోతి. ఎప్పుడూ ఊరంతా వినిపించే గొంతు ఆమెకే వినపడలేదు. "పరీక్షలో అయితే పుల్లన్న సార్ సెప్పినట్ల సదువు. వానొస్తే సంతోషమని రాయి."

"సరే మేడం," అంది సిమ్రాన్.

తమ్ముణ్ణి సర్దుకుని బస్సెక్కింది. ఎందుకు మేడం అని అడుగుతుందేమోనని అరుణజ్యోతి కిటికీ పక్కనే నడిచింది, బస్సు కదిలాక కొంచెం పరుగెత్తింది కూడా. పిల్ల చెయ్యి ఊపింది. ఎందుకని మాత్రం అడగలేదు.